బోనెక్కని సాక్షులు: 1862 మహారాజ్ పరువునష్టం దావా

1862 ఏప్రిల్ 22న బొంబాయి సుప్రీంకోర్టు ఒక పరువునష్టం దావాలో తీర్పు చెప్పింది. వాది సూరత్‌కు చెందిన వైష్ణవ గురువు జదునాథ్‌జీ బ్రిజ్‌రతన్‌జీ మహారాజ్. ప్రతివాదులు ఇద్దరు. ఒకరు ‘సత్యప్రకాశ్’ అనే గుజరాతీ వారపత్రిక సంపాదకుడు కర్సన్‌దాస్ మూల్జీ. రెండోవారు ఆ పత్రికను అచ్చువేసిన నానాభాయి రుస్తుంజీ రాణీనా. గురువుగారు తన పరువుకు 50,000 రూపాయలు విలువ కట్టాడు. పత్రిక గెలిచింది.

భారతీయ భాషా పత్రికల చరిత్రలో ఈ కేసుకు గొప్ప స్థానం ఉంది. ఒక మతగురువు అధికారాన్ని ఒక చిన్న పత్రిక ప్రశ్నించి, కోర్టులో నిలబడి గెలవడం చిన్న విషయం కాదు. మన వీరేశలింగం ‘వివేకవర్ధని’ మొదలుపెట్టడానికి పన్నెండేళ్ల ముందు మాట ఇది. సంస్కరణోద్యమ చరిత్ర రాసిన వాళ్లందరూ దీన్ని పత్రికాస్వేచ్ఛకు దక్కిన తొలి విజయాల్లో ఒకటిగా చెప్తారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. కానీ ఆ దావా మొత్తం నడిచింది స్త్రీల గురించి. గురువు స్త్రీ భక్తులతో ఎలా ప్రవర్తించాడన్నదే అందులో తేలవలసిన ప్రశ్న. రెండు పక్షాలూ కలిపి 60కి పైగా సాక్షులను తెచ్చారు. అందులో ఒక్క స్త్రీ కూడా లేదు.

ఈ సంఖ్యను పక్కన పెట్టుకుని ఆ కేసును మళ్లీ చదివితే ఏం కనిపిస్తుంది?

ముందు కథ చెప్పుకోవాలి. మహారాజులంటే రాజులు కారు. పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యుల వంశీకులను భక్తులు అలా పిలుస్తారు. వల్లభాచార్యులది తెలుగు వెలనాటి బ్రాహ్మణ కుటుంబం. ఆయన కొడుకు విఠ్ఠలనాథుని ఏడుగురు కుమారుల నుంచి ఏడు గాదీలు ఏర్పడ్డాయి. గురుత్వం వంశపారంపర్యం అయింది. బొంబాయిలో, గుజరాత్‌లో భాటియాలు, వాణియాలు వంటి సంపన్న వర్తక కులాల వాళ్లు వీరి శిష్యులు. తన్, మన్, ధన్ అంటే తనువు, మనసు, ధనం అన్నీ గురువు ద్వారా కృష్ణునికి సమర్పించడం ఈ మార్గంలో దీక్ష. ఆ సమర్పణలో భక్తుడు తన భార్యనూ పిల్లలనూ ఆస్తితోపాటు కలిపి చెప్తాడు. ఈ విషయం దగ్గరే వివాదం రాజుకుంది.

కర్సన్‌దాస్ కూడా ఈ సంప్రదాయంలో పుట్టినవాడే. కపోల్ వాణియా కుటుంబం. చిన్నప్పుడే తల్లి పోతే బంధువుల ఇంట పెరిగాడు. విధవా వివాహాన్ని సమర్థిస్తూ వ్యాసం రాశాడని తెలిసి ఆ ఇంటివాళ్లు బయటికి పంపేశారు. 1855లో ‘సత్యప్రకాశ్’ ప్రారంభించాడు. 1857లో బొంబాయిలో మొదలైన స్త్రీల పత్రిక ‘స్త్రీబోధ్’ సంపాదకత్వంలోనూ పాలుపంచుకున్నాడు. కాబట్టి స్త్రీల గురించి పట్టని మనిషి కాదు.

1850ల చివర్లో మహారాజులు తమ శిష్యుల చేత ఒక పత్రం మీద సంతకాలు చేయించడానికి పూనుకున్నారు. మహారాజులను ఎవరూ కోర్టుకు పిలిపించకూడదు, వారికి విరుద్ధంగా రాసేవాళ్లను కులం నుంచి వెలివేయాలి అన్నది దాని సారాంశం. కర్సన్‌దాస్ దానికి ‘గులామీఖత్’ అని పేరు పెట్టాడు. బానిస పత్రం అన్నమాట. 1860లో జదునాథ్‌జీ బొంబాయి వచ్చాడు. విధవా వివాహం మీద కవి నర్మద్‌తో బహిరంగంగా వాదానికి దిగాడు. ఆ వేడిలోనే కర్సన్‌దాస్ హిందువుల అసలు ధర్మం, ఇప్పటి పాషండ మతాలు అనే అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం ప్రచురించాడు. మహారాజులు శిష్యుల భార్యలనూ కూతుళ్లనూ చెరుస్తున్నారని రాశాడు. జదునాథ్‌జీని పేరు పెట్టి పిలిచి మరీ అడిగాడు. 1861 మే నెలలో దావా పడింది.

కోర్టుకు రాకుండా ఉండటానికి శిష్యుల చేత సంతకాలు చేయించుకున్న వర్గానికి చెందిన గురువు, తానే వాదిగా కోర్టు మెట్లెక్కాడు. వేసిన దావాకు ఒక లక్షణం ఉంది. నా పరువు పోయిందని వచ్చినవాడు ఆ పరువు ఎలాంటిదో చెప్పక తప్పదు. బోనెక్కాలి, అవతలి వకీలు అడిగే ప్రశ్నలకు జవాబివ్వాలి. గులామీఖత్ ఏది ఆపాలనుకుందో దాన్ని దావా తెచ్చిపెట్టింది. జదునాథ్‌జీ బోనెక్కాడు. ఆరోపణలన్నీ కాదన్నాడు.

అప్పటి ఇంగ్లీషు న్యాయసూత్రం ప్రకారం సివిల్ పరువునష్టం దావాలో రాసింది నిజమని రుజువు చేస్తే ప్రతివాదికి అంతకు మించిన రక్షణ లేదు. అయితే రుజువు చేసే భారమంతా ప్రతివాదిదే. రాసింది నిజమే అని కర్సన్‌దాస్ పక్షం నిలబడింది. అంటే ఒక గురువు గదిలో, తలుపుల వెనక జరిగినదాన్ని కోర్టులో నిరూపించాలి. ఎవరి చేత?

సాక్ష్యం చెప్పడం ఎంత ప్రమాదమో విచారణకు ముందే తేలిపోయింది. భాటియా పెద్దలు సమావేశమై, మహారాజ్‌కు వ్యతిరేకంగా ఎవరు సాక్ష్యం చెప్పినా వెలివేయాలని తీర్మానించుకున్నారు. న్యాయానికి అడ్డుపడే కుట్ర అంటూ కర్సన్‌దాస్ వారి మీద ఫిర్యాదు చేశాడు. ‘భాటియా కుట్ర కేసు’గా పేరుపడ్డ ఆ వ్యవహారంలో వారికి జరిమానాలు పడ్డాయి. తర్వాతే అసలు దావా విచారణ 1862 జనవరి చివర మొదలై మార్చి మొదటివారం దాకా సాగింది. న్యాయమూర్తులు ప్రధాన న్యాయమూర్తి సర్ మాథ్యూ సాసే, సర్ జోసెఫ్ ఆర్నోల్డ్. ప్రతివాదుల తరఫున వాదించిన వారిలో ముఖ్యుడు బారిస్టర్ ఆన్‌స్టీ.

ప్రతివాదుల సాక్షుల వరస చూడండి. మత గ్రంథాల గురించి చెప్పడానికి మిషనరీ పండితుడు జాన్ విల్సన్. గురువుల నడవడి తమ కంటితో చూశామని చెప్పడానికి లఖ్మీదాస్ ఖీమ్‌జీ వంటి భాటియా సంస్కర్తలు. కవి నర్మద్. ఇక వైద్యులు, డాక్టర్ భావు దాజీ, డాక్టర్ ధీరజ్‌రామ్ దళపత్‌రామ్. మహారాజ్‌కు సుఖవ్యాధి ఉందని వైద్యులిద్దరూ చెప్పారు. గురువుగారు బోనులో కాదన్నదాన్ని ఆయన శరీరమే చెప్పినట్టయింది. ఈ సాక్ష్యం దావాను తిప్పేసింది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. వ్యాధి ఆయన అబద్ధానికి రుజువుగా కోర్టుకు పనికొచ్చింది. అదే వ్యాధి ఆ స్త్రీలను ఏం చేసి ఉంటుందన్నది దావాలో తేల్చవలసిన అంశాల్లో లేనే లేదు. వారికి ఇష్టమా, బలవంతమా, భయమా, భక్తా అన్నది కూడా లేదు. వాది పరువు పోయిందా లేదా, పోతే అది న్యాయమా కాదా, అంతే. సివిల్ దావా స్వభావమే అది. ఇద్దరి మధ్య తగువు తీర్చడం దాని పని. ఆ ఇద్దరూ ఎవరి గురించి తగువులాడుతున్నారో వాళ్లు కోర్టు లెక్కలో మూడోవాళ్లు.

ఆ స్త్రీలను ఎందుకు పిలవలేదు? ఆ కాలంలో అది ఊహించడానికే వీల్లేదు కదా అని తేలిగ్గా అనేయవచ్చు. నిజమే, మగవాళ్లనే వెలితో బెదిరించిన చోట ఒక స్త్రీ బోనెక్కి ఆ మాట చెప్తే ఆమెకు పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ ఉండవు. కర్సన్‌దాస్ పక్షం వారిని ఆ ప్రమాదంలోకి నెట్టకపోవడంలో కొంత దయ కూడా ఉండి ఉండవచ్చు. కానీ వాది పక్షం కూడా ఒక్క స్త్రీని తేలేదు. మా గురువు అలాంటివాడు కాదని చెప్పడానికి వందలాది స్త్రీ భక్తుల్లో ఒక్కరి మాట కూడా వారికి అవసరమనిపించలేదు. ఒక పక్షం ‘చెడిపోయారు’ అంది, ఇంకో పక్షం ‘చెడిపోలేదు’ అంది. ఎవరు చెడిపోయారో చెడిపోలేదో వాళ్లను అడగాలన్న ఆలోచన ఏ పక్షానికీ రాలేదంటే దాన్ని కాలం మీద మాత్రమే తోసేయలేం.

వ్యాసం భాషలోనే దీని మూలం ఉంది. కర్సన్‌దాస్ రాసింది ఎవరిని ఉద్దేశించి? మగ శిష్యులను. నీ భార్యను, నీ కూతురిని గురువు చెరుస్తున్నాడు, నీకు సిగ్గులేదా అన్నది దాని గొంతు. సమర్పణ మంత్రంలో భార్య ఆస్తిపాస్తుల పక్కన చేరింది. దాన్ని ఖండించిన వ్యాసంలో ఆమె భర్త పరువు అయింది. గురువుకు ఇవ్వవలసిన సొత్తు అని ఒకరు, గురువు నుంచి కాపాడుకోవలసిన సొత్తు అని మరొకరు. వైరిపక్షాలు రెండూ ఒప్పుకున్న విషయం ఇదొక్కటే. సంస్కర్తను, మహారాజ్‌ను నేను ఒక గాటన కట్టడం లేదు. ఒకరు బెదిరించి నోరు మూయించేవారు, ఒకరు ప్రమాదానికి ఎదురు నిలిచి రాసినవారు. కానీ ఎదురు నిలిచిన గొంతులో కూడా పితృస్వామ్యం ఎంత సహజంగా పలికిందో గుర్తించకపోతే ఆ విజయం ఎవరిదో మనకు సరిగ్గా అర్థం కాదు.

తీర్పు కూడా పూర్తిగా ఏకాభిప్రాయం కాదు. ఒక ప్రైవేటు వ్యక్తి మీద పేరు పెట్టి రాయడానికి సంపాదకుడికి ప్రత్యేక హక్కేమీ లేదని సాసే అభిప్రాయం. ఆ మేరకు నామమాత్రంగా అయిదు రూపాయల నష్టపరిహారం వాదికి ఇవ్వాలన్నాడు. రాసింది నిజమన్న ముఖ్యమైన వాదంలో మాత్రం ఇద్దరు న్యాయమూర్తులూ ప్రతివాదుల వైపే. ఆర్నోల్డ్ మరింత ముందుకు వెళ్లాడు. నీతికి తప్పయినది మతానికి ఒప్పు కాజాలదన్న సూత్రం కోసమే ప్రతివాది పోరాడాడని, సమాజంలో చెడును బయటపెట్టడం పత్రికా రచయిత బాధ్యతేనని మెచ్చుకున్నాడు. కోర్టు ఖర్చుల కింద కర్సన్‌దాస్‌కు 11,500 రూపాయలు వచ్చాయి. ఆయన పెట్టిన ఖర్చు అంతకంటే ఎక్కువే. అదే సంవత్సరం ఆగస్టులో సుప్రీంకోర్టు స్థానంలో బొంబాయి హైకోర్టు ఏర్పడింది. కర్సన్‌దాస్ ఆ తర్వాత ఇంగ్లండు వెళ్లొచ్చి, సముద్రం దాటినందుకు వెలికి గురయ్యాడు. 1871లో చనిపోయాడు, అప్పటికి నలభై ఏళ్లు కూడా లేవు.

ఈ దావా అక్కడితో ముగిసిపోలేదు. సౌరభ్ షా గుజరాతీలో 2013లో రాసిన నవల ఆధారంగా ‘మహారాజ్’ అనే హిందీ సినిమా తీశారు. 2024 జూన్ 14న విడుదల కావలసిన దాన్ని, మా మత భావాలు దెబ్బతింటాయని కొందరు పుష్టిమార్గ భక్తులు పిటిషన్ వేస్తే, గుజరాత్ హైకోర్టు ముందురోజే ఆపింది. న్యాయమూర్తి సంగీతా విశేన్ సినిమా చూసి జూన్ 21న స్టే ఎత్తేశారు. 162 ఏళ్ల తర్వాత కూడా అదే కథకు అదే బెదురు. సినిమాలో స్త్రీకి చోటు దొరికింది, కానీ ఎలా? కర్సన్‌దాస్‌ను పెళ్లాడవలసిన అమ్మాయిగా ఒక కల్పిత పాత్ర వచ్చి, గురువు చేతిలో మోసపోయి, ఆత్మహత్య చేసుకుంటుంది. ఆమె చావు నాయకుడి పోరాటానికి కారణమవుతుంది. చరిత్రలో మాట లేని స్త్రీకి కల్పనలో ఇచ్చింది చావు.

అదే బొంబాయిలో, 1862 తీర్పు వచ్చిన ఇరవై రెండేళ్లకు, ఒక స్త్రీ స్వయంగా దావాలో పార్టీ అయింది. ఆమె రఖ్మాబాయి. పదకొండేళ్ల వయసులో పెళ్లయింది, కాపురానికి వెళ్లలేదు. 1884లో భర్త దాదాజీ భికాజీ దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోసం దావా వేశాడు. ఇది పరువునష్టం కేసు కాదు, కానీ పత్రికనూ కోర్టునూ స్త్రీ గొంతునూ ఒకచోట చేర్చిన కేసు. దావా నడుస్తుండగానే 1885 జూన్‌లో ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’లో ‘ఒక హిందూ స్త్రీ’ అనే సంతకంతో బాల్యవివాహాల మీద ఉత్తరం అచ్చయింది. సెప్టెంబరు 19న వైధవ్యం గురించి రెండోది. రాసింది రఖ్మాబాయే. రెండు రోజుల తర్వాత, సెప్టెంబరు 21న, న్యాయమూర్తి పిన్‌హే దావా కొట్టేశాడు. ఇష్టంలేని స్త్రీని మగవాడితో కాపురం చేయమని బలవంతపెట్టడానికి ఆయన మనసు ఒప్పలేదు.

1886లో అప్పీలులో ఆ తీర్పు పోయింది. 1887 మార్చిలో న్యాయమూర్తి ఫారన్, నెల రోజుల్లో భర్త దగ్గరకు వెళ్లాలి లేదా ఆరు నెలలు జైలుకు వెళ్లాలి అన్నాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో డిక్రీ అమలుకు అప్పట్లో ఆ మార్గం ఉండేది. అప్పు ఎగ్గొట్టినవాడిని జైల్లో పెట్టినట్టే కాపురం ఎగ్గొట్టిన భార్యనూ పెట్టొచ్చు. జైలుకే వెళ్తానంది రఖ్మాబాయి. తిలక్ వర్గపు పత్రికలు ఆమె మీద విరుచుకుపడ్డాయి. దాదాజీ తన వాదాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఆమె ‘బాంబే గెజెట్’లో జవాబు రాసింది. 1888లో 2,000 రూపాయలు తీసుకుని దాదాజీ రాజీపడ్డాడు. ఆమె లండన్‌లో వైద్యం చదివి వచ్చి, సూరత్‌లో, రాజ్‌కోట్‌లో పనిచేసి, 1955లో మరణించింది. జదునాథ్‌జీ ఊరు సూరత్ అని ఇక్కడ గుర్తుచేసుకోవడం అనవసరం కాదు. ఆ జైలు నిబంధన చట్టంలోంచి పోవడానికి 1923 దాకా పట్టింది.

రఖ్మాబాయి కోర్టులో ఉన్నది ప్రతివాదిగా. అక్కడ ఆమె మాట వకీళ్ల భాషలో, చట్టం అడిగిన ప్రశ్నలకు జవాబుగా మాత్రమే వెళ్లగలదు. బాల్యంలో జరిగిన పెళ్లి తన చదువును, బతుకును ఏం చేసిందో ఆమె చెప్పుకోగలిగింది పత్రికలోనే, అది కూడా మొదట పేరు దాచుకుని. 1862లో పత్రిక తన మాట నిలబెట్టుకోవడానికి కోర్టుకు వెళ్లింది. 1885లో కోర్టులో చోటులేని మాటకు పత్రిక చోటిచ్చింది. పత్రికాస్వేచ్ఛ స్త్రీకి పనికొచ్చింది ఆమె గురించి ఇతరులు రాసినప్పటికంటే ఆమే రాసినప్పుడు.

ఈ వరసలో మరో కేసు చెప్పుకోవాలి. అది సివిల్ దావా కాదు, క్రిమినల్ ఫిర్యాదు. పాత్రికేయురాలు ప్రియా రమణి 2018 అక్టోబరులో, ఒకప్పటి సంపాదకుడు, అప్పటి కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ చాలా ఏళ్ల కిందట తనతో అసభ్యంగా ప్రవర్తించాడని బహిరంగంగా చెప్పింది. ఆయన పరువునష్టం ఫిర్యాదు వేశాడు, మంత్రి పదవికి రాజీనామా కూడా చేశాడు. శిక్షాస్మృతి కింద నిజం చెప్పడం ఒక్కటే చాలదు, ప్రజాహితం కోసం చెప్పానని కూడా చూపాలి. ఆ శిక్షాస్మృతి అమల్లోకి వచ్చింది 1862 జనవరిలోనే, మహారాజ్ దావా విచారణ మొదలైన నెలలో. ప్రియా రమణి కర్సన్‌దాస్ పట్టుకున్న ఆయుధాన్నే పట్టుకుంది. నేను చెప్పింది నిజం అంది. తేడా అల్లా ఆ నిజం ఆమె స్వానుభవం కావడం. ఆమె బోనెక్కింది, ఆమెకు మద్దతుగా మరో పాత్రికేయురాలు గజాలా వహాబ్ తన అనుభవం చెప్పింది. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా విడిచిపెట్టింది. దశాబ్దాల తర్వాతైనా, తనకు నచ్చిన వేదిక మీద తన బాధ చెప్పుకునే హక్కు స్త్రీకి ఉందని చెప్పింది. పరువు కాపాడుకునే హక్కును స్త్రీ గౌరవాన్ని బలిపెట్టి కాపాడలేమని కూడా అంది. ఆ తీర్పు మీద వేసిన అప్పీలును 2022లో ఢిల్లీ హైకోర్టు విచారణకు స్వీకరించింది.

1862 నుంచి 2021కి వచ్చిన మార్పు ఏమిటని అడిగితే, స్త్రీ గురించి మాట్లాడటం నుంచి స్త్రీ మాట్లాడటం దాకా అని చెప్పవచ్చు. కానీ ఆ మాటకు ఆమె కట్టిన ధర కూడా చెప్పాలి. మొదట నోరు విప్పినందుకు ఆమె ముద్దాయి అయింది. రెండేళ్లకు పైగా కోర్టు చుట్టూ తిరిగింది. డబ్బూ పలుకుబడీ ఉన్నవాడికి దావా గెలవవలసిన అవసరం లేదు, నడిస్తే చాలు. వాయిదాలు, వకీలు ఫీజులు, ప్రతి తారీఖుకూ ఉద్యోగం మానుకుని రావడం, ఇవి చేసే పని తీర్పు కంటే ముందే జరిగిపోతుంది. 50,000 రూపాయల దావాతో జదునాథ్‌జీ చేయదలచుకున్నదీ ఇదే. పేరూ, స్నేహితులూ, వకీళ్లూ ఉన్న పాత్రికేయురాలు తట్టుకోగలిగింది. పత్తి మిల్లులో, ఆస్పత్రి ఆయాగా, ఇంటిపనిలో ఉన్న స్త్రీ తన యజమాని గురించి నిజం చెప్తే ఆ ఫిర్యాదును ఎన్ని వాయిదాలు మోయగలదు?

అందుకే మన పత్రికలు వాక్‌స్వాతంత్ర్యం గురించి మాట్లాడేటప్పుడు తీర్పుల్లోని గొప్ప వాక్యాలతో ఆగిపోకూడదు. ఎవరు వాది, ఎవరు ప్రతివాది, ఎవరిని సాక్షిగా పిలిచారు, ఎవరి గురించి మాట్లాడి ఎవరిని పిలవలేదు, ఖర్చు ఎవరు పెట్టారు అని అడగాలి. మహారాజ్ దావాలో సాక్ష్యాలూ తీర్పూ 1865లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి, రచయిత పేరు లేకుండా. అది కర్సన్‌దాసే రాశాడంటారు. గురువు మాట, వైద్యుల మాట, వర్తకుల మాట, జడ్జీల మాట అందులో దొరుకుతాయి. ఆ ఇళ్లలోంచి దర్శనానికి వెళ్లిన స్త్రీల మాట ఒక్కటి కూడా దొరకదు. అది పోగొట్టుకున్న సాక్ష్యం కాదు. అడగని సాక్ష్యం.